ఎఱ్ఱమట్టి దిబ్బలలో వానదినము

విశాఖపట్టణమందుండువారు ఎడారిరూపము చూడగోరినచో రాజస్థానము దాక పోనక్కఱలేదు. నగరమునుండి భీమునిపట్టణమునకు పోవు సముద్రతీరపు బాటలో, ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. కనుచూపుమేర ఎఱ్ఱని యిసుకయే. అయినను అది నిజమైన ఎడారి గాదు. జైసల్మేరు ప్రాంతమున ఏడాదికి కురియు వాన మిక్కిలి తక్కువ. విశాఖలో ఇంచుమించు 1000 మిల్లీమీటర్లు కురియును. ఆ వానయే ఈ దిబ్బలకు శిల్పి. శిల్పి పనిచేయు వేళ ఉలిక్రింద నిలువరాదని మేము గడచిన దసరా సెలవులలో నేర్చుకొంటిమి.

నాటి యుదయము ఆకాశము తేటగా నుండెను. మావారు, నేను, పిల్లలిద్దఱు, మా కుక్క మోతి ఆటోలో బయలుదేరితిమి. పులిహోరయు, దద్ధ్యోజనమును, మోతికి వేఱుగా ఒక గిన్నెయు పెట్టుకొంటిని. దాని మెడత్రాడు మాత్రము తలుపు వెనుక కొక్కెముననే మఱచితిని. విశాలమైన చోట త్రాడెందులకని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని.

దిబ్బపై కూర్చుండి మావారు పిల్లలకు ఆ మట్టి చరిత్ర చెప్పిరి. సుమారు 20,000 ఏండ్ల క్రిందట, భూమిపై మంచు పెరిగిన కాలమున, సముద్రము నేటికంటె 100 మీటర్లకు పైగా దిగియుండెను. బయటపడిన యిసుకను గాలి యెత్తి తీరమున గుట్టలుగా పోసెను. అందలి యినుము గాలియు తేమయు తగిలి త్రుప్పుపట్టుటచే మట్టి ఎఱ్ఱనయ్యెను. పిమ్మట వానలు దానిని కోసికోసి లోతైన గండ్లు చేసెను. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించెను. 2025లో ఇది యునెస్కోవారి ప్రపంచవారసత్వ తాత్కాలిక జాబితాలో చేరెను.

మధ్యాహ్నము దాటగానే సముద్రమువైపునుండి మబ్బులు క్రమ్ముకొనెను. ఒక్క ఉఱుము ఉఱిమినంతనే మోతి బెదరి, చెంతనున్న గండిలోనికి దూకి, మలుపు వెనుక మాయమయ్యెను. వెనువెంటనే వాన. మా పెద్దవాడు దానివెంట దిగబోగా నేను చేయి పట్టి లాగి, “కుక్క పోయినచో పోయినది, నీవు రా!” అని యఱచితిని. వాడు నా ముఖము చూచి, “ధర్మరాజు విడిచెనా, అమ్మా?” అనెను.

నాకు నోట మాట రాలేదు. మహాప్రస్థానిక పర్వపు కథ వానికి చెప్పినది నేనే. హిమవంతము దాటి, ఇసుకసముద్రము దాటి, భార్యయు తమ్ములును ఒక్కొక్కరే కూలిన పిమ్మట వెంట నిలిచిన కుక్కను, ఇంద్రుడు రథము తెచ్చి విడువుమన్నను ధర్మరాజు విడువలేదని ఎన్ని రాత్రులు చెప్పితినో! చెప్పుట సులువు.

మావారు వానిని గండిలోనికి దిగనీయలేదు, కుక్కను విడువనులేదు. “పిడుగుల వేళ మిట్టపై నిలువరాదు. పిల్లలతో ఆటోలో కూర్చుండుము” అని నాతో చెప్పి, గిన్నె చేతబట్టి, అంచునకు దూరముగా గండి వెంబడి పోయిరి. ఆ పావుగంట నాకొక యుగమయ్యెను. కుక్కను విడువుమన్న నేను ఇప్పుడు భర్తను వానలో విడిచి వచ్చితినే యని కుమిలితిని. కడకు ఇరువురును తడిసి ముద్దయై వచ్చిరి. గండి పల్లమై ముగియు చోట గిన్నెచప్పుడు విని మోతి తనంత తానే పైకి వచ్చెనట. అప్పటికే గండి అడుగున ఎఱ్ఱనీరు పాఱుచుండెననియు, మంచమంత మట్టిపెళ్ల యొకటి గోడనుండి విఱిగిపడెననియు మావారు చెప్పిరి.

బిడ్డ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది. ఆశ్రయించినదానిని విడువకుండుట ధర్మమే. విడువవలసిన యవసరము రాకుండ ముందే చూచుకొనుట అంతకంటె మొదటి ధర్మము. తప్పు ఉఱుముది గాదు, కుక్కది గాదు. త్రాడు మఱచిన నాది.

కావున అచ్చటికి పోవు సోదరీమణులు మబ్బు పట్టినచో గండ్లలోనికి దిగకుడు. మట్టిగోడల క్రింద తలదాచుకొనకుడు. గోడలపై పిల్లలను ఎక్కనీయకుడు. పిడికెడు మట్టియైన ఇంటికి తేకుడు. వాన తీసికొని పోవునది చాలును.

ఇంటికి వచ్చి మోతిని తుడిచిన గుడ్డ ఎన్నిమాఱులుదికినను ఆ యెఱుపు వదలలేదు. మెడత్రాడును మా పెద్దవాడు తలుపు వెనుకనుండి తీసి, చెప్పులు విడుచు చోట, అందఱి కంటను పడునట్లు తగిలించెను.