జాలిం: సమాధిని వీడని బిరుదు

బీదర్ పట్టణానికి తూర్పున అష్టూరు పొలాల మధ్య బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా నిలిచి ఉన్నాయి. వాటిలో గుమ్మటం చాలా భాగం కూలిపోయి, కట్టడపు లోపలి పొరలు బయటపడి కనిపించేది 1458 నుంచి 1461 వరకు మూడేళ్ళు మాత్రమే పాలించిన హుమాయూన్ షా సమాధి. చరిత్రలో ఆయన పేరు వెంట ‘జాలిం’ అన్న బిరుదు స్థిరపడింది. తెలుగువారు నిత్యం వాడే ‘జులుం’ పుట్టిన అరబీ ధాతువే దీనికీ మూలం. ఒక వస్తువును దానికి తగని చోట పెట్టడమే జులుం అని అరబీ నిఘంటుకారులు చెప్పిన అర్థం అన్యాయానికి ఎంతో లోతైన నిర్వచనం.

ఇంగ్లీషులో ఇలాంటి పాలకుణ్ణి ‘టైరంట్’ అంటారు. గ్రీకులోని ‘టిరన్నోస్’ లాటిన్, ఫ్రెంచి భాషల గుండా ప్రయాణించి ఈ రూపం పొందింది. ఆ గ్రీకు పదం కూడా ఆసియా మైనరులోని ఏదో భాష నుంచి ఎరువు తెచ్చుకున్నదై ఉండవచ్చని పండితుల ఊహ, క్రీ.పూ. 7వ శతాబ్దపు కవి ఆర్కిలోకస్ లిడియా రాజు గైజిస్ ప్రస్తావనలో దీని రూపాన్ని వాడాడు. మొదట్లో ఇది తిట్టు కాదు. వారసత్వపు హక్కు లేకుండా అధికారాన్ని చేజిక్కించుకున్నవాడు మంచివాడైనా చెడ్డవాడైనా టిరన్నోసే. ప్లేటో, అరిస్టాటిల్ కాలానికి గద్దె ఎక్కిన తీరుకన్నా ఏలిన తీరు ముఖ్యమై, తన ప్రయోజనం కోసమే పాలించేవాడు అన్న నింద ఆ మాటలో గట్టిపడింది. తెలుగులో దీనికి సమానంగా వాడే ‘నిరంకుశుడు’ అన్న పదం మాత్రం ఏనుగును అదుపుచేసే అంకుశం నుంచి వచ్చింది. అదుపు లేని బలం ఎలా ఉంటుందో అందులో కళ్ళకు కడుతుంది.

ఈ అర్థాల వెలుగులో చూస్తే హుమాయూన్ కథ చిక్కుముడి అవుతుంది. తండ్రి రెండవ అలాఉద్దీన్ అహ్మద్ వారసుడిగా నిర్ణయించింది ఆయననే. కొందరు సర్దారులు తమ్ముడు హసన్ ఖాన్‌ను ముందుగా సింహాసనం ఎక్కించగా హుమాయూన్ దాన్ని తిరిగి గెలుచుకున్నాడు. అంటే పాత గ్రీకు అర్థంలో టైరంట్ అనదగినవాడు హసన్ ఖానే. తర్వాత నల్గొండ ప్రాంతంలో బంధువులైన జలాల్ ఖాన్, సికందర్ ఖాన్ తిరగబడ్డారు. దేవరకొండ వెలమ ప్రభువులు ఒరిస్సా గజపతుల అండతో బహమనీ సైన్యాన్ని చిత్తుగా ఓడించారు. సుల్తాను తెలంగాణలో ఉండగా, అంతకుముందే కళ్ళు పోగొట్టుకుని చెరలో ఉన్న హసన్‌ను యూసుఫ్ తుర్క్ అనే సేనాని బీదర్‌లో విడిపించాడు. ఆ తిరుగుబాటు విఫలమయ్యాక హసన్‌ను పులికి వేశారని, అతని పక్షం వహించినవారిని కుటుంబాలతో సహా చిత్రవధ చేశారని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు.

ఫిరిష్తా ఈ చరిత్రను రాసింది బీజాపూర్ ఆస్థానంలో, సంఘటనలు జరిగిన సుమారు 150 ఏళ్ళ తర్వాత. ఆధునిక చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ ఈ సంగతినే ఎత్తిచూపి, క్రూరత్వపు కథల్లో అతిశయోక్తి ఉందని వాదించాడు. మంత్రి మహమూద్ గవాన్ లేఖల్లో సుల్తాను పట్ల కనిపించే గౌరవాన్ని సాక్ష్యంగా చూపాడు. అయితే గవాన్‌ను పెద్ద పదవికి ఎత్తినవాడు హుమాయూనే కనుక ఆ సాక్ష్యాన్నీ కొంత తగ్గించి తీసుకోవాలి. పైగా సమకాలికుడైన నజీరీ అనే కవి సుల్తాను మరణాన్ని లోకానికి కలిగిన సంతోషంగా చెప్పి, అక్షరాల విలువలు కూడితే హిజ్రీ 865, అంటే ఆ మరణ సంవత్సరం, వచ్చేలా పద్యం కూర్చాడు. ఆ ద్వేషం ఫిరిష్తా కల్పించింది కాదు. రాజ్యం నిలబెట్టుకోవడానికి తిరుగుబాటును అణచడం వేరు, అందులో పాలు లేని కుటుంబాలను శిక్షించడం వేరు. ఆ రెండోది నిజంగా జరిగి ఉంటే జాలిం అన్న మాట తగినదే.

అష్టూరు గుమ్మటం పిడుగుపాటుకు కూలినందున దాన్ని దైవశిక్షగా చెప్పుకునేవారు ఉన్నారు. బీదర్ ఊరి నడుమ 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా మీద కూడా ఔరంగజేబు కాలంలో పిడుగు పడిందని, లోపల నిల్వ చేసిన మందుగుండు అంటుకుని ముందుభాగంలో చాలా మేర కూలిపోయిందని చెబుతారు. విద్వాంసులను ఆదరించిన ఆ మంత్రి విషయంలో మాత్రం దాన్ని శిక్షగా ఎవరూ చెప్పుకోరు.