పరుగుబండికి వేసవి టైరులు – మితవ్యయ విచారము

మోటారు టైరులను గుఱించి స్త్రీలకు చెప్పవలసిన దేమున్నదని కొందఱు సోదరీమణులు నవ్వుకొనవచ్చును. బియ్యము, బట్టలు, పాత్రసామానులు బేరమాడి కొనుటలో మనకు గల నేర్పు ఈ నల్లని రబ్బరు వలయముల యెదుట పనికిరాదని నేనును నిరుటి వఱకు తలంచుచుంటిని. ఆ తలంపు ఒక వాననాటి సాయంకాలము మా యమ్మగారి ప్రాణముల మీదికి వచ్చినది.

మా కాపురము ఎఱ్ఱగడ్డలో. నా తమ్ముడు ఫిలింనగరమున చలనచిత్రములకు శబ్దము కూర్చు పనిలో నున్నాడు. జూబిలీహిల్సు వీధులలో తళతళలాడు బండ్లను చూడగా చూడగా వానికి మోజు పుట్టి, కూడబెట్టిన సొమ్ముతో ఎవరో వాడి విడిచిన ఆడి టీటీ యను రెండు తలుపుల పరుగుబండిని కొన్నాడు. కొనుటకే లెక్క చూచెను గాని పోషించుటకు చూడలేదు. ఏనుగును కొనినవాడు అంకుశము కొఱకు బేరమాడినట్లు, టైరుల మాట వచ్చినప్పుడెల్ల రేపు మాపని దాటవేయుచుండెను.

నిరుడు శ్రావణమాసమున అమ్మను పెద్దమ్మ గుడికి తీసికొనిపోయి తిరిగి వచ్చుచుండగా, యూసుఫ్‌గూడ దాటిన పిమ్మట పల్లపు దారిలో బ్రేకు నొక్కినను బండి నిలువక పక్కకు జాఱి, నడిమి గట్టునకు రెండు జానల దూరమున ఆగినది. అమ్మకు దెబ్బ తగులలేదు. కాని "ఒరే నాయనా, నేను మళ్లీ ఈ బండి ఎక్కను" అని గుడి ప్రసాదము చేత బట్టుకొని ఒట్టు పెట్టుకొన్నది. అంతకు వారము ముందే ఒక దుకాణమువాడు ఆ టైరులను చూచి, "ఇంకో ఏడాది ఢోకా లేదు సార్" అని చెప్పియుండెను.

నేను మఱునాడు చీరకొంగు దోపుకొని చక్రముల యొద్ద కూర్చుండి చూచితిని. టైరు మీది గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్టు లుండును. వాని యెత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అఱిగి అఱిగి ఆ గట్టులతో సమమైనప్పుడు టైరు ఆయుర్దాయము తీఱినదని గుఱుతు. క్రొత్త టైరు గాడి లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లుండును. మా తమ్ముని టైరులు గట్టులకు వెండ్రుక వాసి పైన నుండెను. హద్దు దాటలేదు గనుక దుకాణమువాని మాట అబద్ధము కాదనవచ్చును. కాని గాడులు నీటిని బయటికి త్రోయుటకే యున్నవి. లోతు 3 మిల్లీమీటర్లకు దిగిన పిమ్మట ఆ పని సరిగా జరుగదు. నీరు టైరునకు రోడ్డునకు నడుమ పొరయై నిలుచును. బండి నీటిమీద తేలును. తేలుచున్న బండికి బ్రేకు వేసిన నేమి, వేయకున్న నేమి! ఇంత బరువైన బండిలో ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు మన అఱచేయి కన్న కొంచెమే పెద్దది. నాలుగు అఱచేతుల మీద ఇంటిల్లిపాది ప్రాణములు నిలిచియుండునన్నమాట.

నాటినుండి బండి మూలపడినది. ఈ చైత్రమునకు తమ్ముని యొద్ద అఱువది వేల రూపాయలు చేరినవి. "అక్కా, వేసవి టైర్లు కొనాలి. నువ్వే చూడు, బేరం నీకు తెలుసు" అని నాకు అప్పగించినాడు.

వేసవి టైరనగా ఏమని మొదట విచారించితిని. ఐరోపా దేశములలో వేసవికి ఒక జత, మంచు కాలమునకు ఒక జత మార్చి వాడుదురు. దానికి కారణము మన వంటయింటిలోనే కలదు. మార్గశిర మాసపు ఉదయమున నెయ్యి పేరుకొని గట్టిపడును, మధ్యాహ్నమునకు కరగును. రబ్బరు నెయ్యివలె కరగదు గాని మెత్తదనము మాత్రము అట్లే మాఱును. వేసవి టైరు పాకము వేడిలో బిగువు చెడక నిలుచునట్లు కూర్చబడినది. సుమారు 7 డిగ్రీల చలికి దిగువన అది బిరుసెక్కి పట్టు వదలును. శీతకాలపు టైరు చలిలో మెత్తగా నుండును, కాని మన వైశాఖపు ఎండలో త్వరగా అఱిగిపోవును. మన నగరములో తెల్లవాఱుజామున సైతము 7 డిగ్రీలకు దిగుట మిక్కిలి అరుదు. కావున ఇచట అమ్మెడి కారు టైరులన్నియు దాదాపు వేసవి టైరులే. ఆ పేరునకు వేఱుగా సొమ్ము చెల్లింప నక్కఱలేదు. మనము చూడవలసినది మఱియొకటి కలదు. ఏప్రిలులో కొనిన టైరు మే నెల ఎండను ఓర్చి, జూను మొదలు సెప్టెంబరు వఱకు వానలో పట్టు చూపవలెను. మనకు వేసవికన్న వానయే పెద్ద పరీక్ష.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేనుసాగరము ఒడ్డున విద్యుత్ కారుల పందెము జరుగుట పాఠకురాండ్రకు జ్ఞాపకముండును. ఆ పందెపు బండ్లకు ఎండకు ఒకటి, వానకు ఒకటి యని టైరులు మార్చుట లేదు. గాడులు గల ఒకే విధమైన టైరు రెంటికిని వాడిరి. పందెగాండ్రకే ఒక విధము చాలునన్నప్పుడు గుడికి పోయి వచ్చు మనకు చాలకుండునా?

పిమ్మట టైరు పక్కనున్న అక్షరములను చదువ నేర్చుకొంటిని. తమ్ముని టైరు మీద 245/40 ఆర్ 18 అని యుండెను. 245 మిల్లీమీటర్లు వెడల్పు. 40 అనగా పక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి నలువది పాళ్లు, అనగా 98 మిల్లీమీటర్లు. ఆర్ అనగా లోపలి దారములు నడిమినుండి అంచునకు కిరణములవలె పఱచిన రేడియలు జాతి. 18 అంగుళములు లోపలి చక్రపు అడ్డుకొలత. ఆ తరువాతి 93 బరువునకు సంకేతము. ఒక్కొక్క టైరు 650 కిలోల వఱకు మోయునని అర్థము. చివరి అక్షరము వేగమునకు. హెచ్ అన్నచో గంటకు 210 కిలోమీటర్లు, వి అన్నచో 240, డబ్ల్యూ అన్నచో 270. మన వెలుపలి వలయ రహదారి మీదనే వేగపు హద్దు గంటకు 120 గదా, తక్కువ యక్షరము కొనిన చవుక గాదా యని నాకు దురాశ పుట్టినది. కాని ఆ యక్షరము వేగమునకే గాక వేడిని ఓర్చు శక్తికిని గుఱుతు. కారు చేసినవారు చెప్పినదానికి తక్కువైన అక్షరమును, తక్కువైన బరువు సంకేతమును కొనరాదు. ఇక్కడ పొదుపు చేయవలదు.

పొదుపు చేయదగనిది ఇంకొకటి, టైరు వయస్సు. ఒక దుకాణములో నాలుగు "క్రొత్త" టైరులు దాదాపు సగము ధరకు ఇత్తుమనిరి. చూచుటకు నిగనిగలాడుచుండెను. పక్కన కోడిగ్రుడ్డు ఆకారములో నాలుగు అంకెలుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. అచ్చట 0819 అని యుండెను. 2019లో ఎనిమిదవ వారమున పుట్టిన సరుకు! అమ్ముడుపోక, ఎన్ని యెండలు కాచెనో యా గోదాములో! రబ్బరు వాడకున్నను గాలికి, వేడికి ముదియును. అయిదేండ్లు గడచిన టైరులను ఏటేట పరీక్షింపవలెననియు, పదేండ్లకు మించి ఎట్టి స్థితిలోను వాడరాదనియు టైరులు చేయువారే చెప్పుదురు. పాతబియ్యమునకు విలువ యెక్కువ గాని, పాత టైరునకు కాదు. నేను అంకెలు చూపగానే దుకాణదారుడు ధర మఱింత తగ్గించెను. తగ్గించుటయే నాకు భయము కలిగించినది. ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలో పాత వస్తువు లెన్నో నేను కొన్నాను, కొనుచున్నాను; టైరు మాత్రము అట్లు కొనను.

మంచి దుకాణములో ఆ కొలతకు ఒక్కొక్కటి ఇరువదియొక్క వేలనిరి. నాలుగింటికి ఎనుబది నాలుగు వేలు! 2025 సెప్టెంబరు 22 నుండి టైరుల మీది జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినను ఇంత. ఆ కొలత మన దేశపు బండ్లలో అరుదు. పైగా 2020 జూను నుండి విదేశపు టైరులను తెచ్చుట ప్రభుత్వ అనుమతికి లోబడినది. ఎఱ్ఱగడ్డ మీదుగా పోవు ఈ బొంబాయి రహదారి పట్టి పటాన్‌చెరువు, సంగారెడ్డి దాటినచో సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి కర్మాగారము కలదు. 1946లో మద్రాసున పిల్లల బుడగలు చేయుటతో మొదలిడిన సంస్థ అది. ఆంధ్రప్రదేశములో చినపండూరు వద్ద 2020లో అపోలో వారి కర్మాగారము వెలసినది. టైరులు మన పెరటిలోనే పుట్టుచున్నవి. కాని మన తమ్ముని బండి కోరు కొలతయే దుర్లభము.

రెండు మాత్రము ఇప్పుడు కొని, రెండు దసరాకు కొందమా యని తమ్ముడనెను. సామాన్యమైన బండికి అట్లు చేయవచ్చును. చేసినచో క్రొత్తవి వెనుక చక్రములకే వేయవలెను. ముందటివి జాఱిన బండి తిన్నగా పోవజూచును, వేగము తగ్గించిన దారికి వచ్చును; వెనుకవి జాఱిన బొంగరమువలె తిరిగిపోవును. మా తమ్ముని బండికో, నాలుగు చక్రములను ఇంజను త్రిప్పును. రెండు ఎత్తుగను రెండు అఱిగియు నున్నచో లోపలి పండ్లచక్రములు ఒకదానితో నొకటి పెనగులాడును. అందువలన ఆ మార్గము మూతపడినది.

అప్పుడు కారుతో వచ్చిన పుస్తకమును తిరగవేయగా, ఆ బండికి చేసినవారే 17 అంగుళముల చక్రమును కూడ నిర్ణయించిన సంగతి కనబడినది. దాని టైరు 245/45 ఆర్ 17. చిన్ననాట మా నాన్నగారు పావులూరి మల్లన గణితము చెప్పినందులకు ఇన్నాళ్లకు ఫలమబ్బినది. 18 అంగుళములనగా 457 మిల్లీమీటర్లు; రెండు పక్కగోడలు 98 చొప్పున 196; మొత్తము 653. 17 అంగుళములనగా 432, పక్కగోడలు 110 చొప్పున 220, మొత్తము 652. ఒక్క మిల్లీమీటరు తేడా! వేగము చూపు ముల్లు తప్పదు, బండి యెత్తు మాఱదు. బరువు సంకేతము 95, అనగా 690 కిలోలు, మునుపటికన్న మేలు. పక్కగోడ యెత్తు పెరుగుటచే మన గోతుల దెబ్బలకు చక్రము వంగు భయము తగ్గును. ధరయో, ఒక్కొక్కటి పదివేల అయిదువందలు.

తమ్ముడు మొగము చిన్నబుచ్చుకొన్నాడు. "పెద్ద చక్రాలే అందం అక్కా" అన్నాడు. అందము మాట నిజమే, కాదనలేదు. "అమ్మ ఎక్కని బండికి అందమెందుకురా" అంటిని. వాడు మఱి మాటాడలేదు.

అదే జాతి బండి గల ఒకరు ఇంకను పెద్ద చక్రములు వేయించుకొని తమ 17 అంగుళముల చక్రములను అమ్మజూపగా, పదియాఱు వేలకు నాలుగు కుదిరినవి. డబ్బు చేతి కీయకముందే వానిని తూకపు యంత్రముమీద త్రిప్పించి, వంకరగాని పగులుగాని లేదని చూచుకొంటిమి. టైరులలో ఐ.ఎస్.ఐ. ముద్ర గలవానినే చూచితిమి. పక్కనుండు అఱుగుదల అంకె, ఎక్కువైనచో ఎక్కువ కాలము మన్నుననియు, సాధారణముగా పట్టు కొంత తగ్గుననియు తెలుపును; కాని ఆ అంకె ఎవరికి వారు వేసికొనునది గనుక ఒక సంస్థ అంకెను వేఱొక సంస్థ అంకెతో పోల్చరాదు. తడి నేలపై ఆగుటకు గల గుఱుతు ఏ ఏ యని యున్నది అన్నిటికన్న మేలు, ఏ తరువాతిది. మేము ఏ గల దేశీయ టైరునే తీసికొంటిమి. టైరులు నలువది రెండు వేలు, చక్రములు పదియాఱు వేలు, బిగింపు, తూకము, చక్రముల వరుస సరిచేయుట పదునెనిమిది వందలు. వెరసి ఏబది తొమ్మిది వేల ఎనిమిది వందలు. మిగిలిన రెండు వందలతో ఒత్తిడి కొలుచు చిన్న సాధనము కొనవలెనని పట్టుబట్టి, చాలని సొమ్ము నా పోపుల డబ్బాలోనుండి ఇచ్చితిని.

ఆ సాధనము ఎందులకనగా, వేసవిలో గాలి తక్కువ పెట్టవలెనను ఒక మాట మన దేశమంతట వ్యాపించియున్నది. వేడికి గాలి ఉబ్బి టైరు పగులునట! వినుటకు సబబుగనే తోచును. వాస్తవము దీనికి సరిగా ఎదురు. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టునకు వంగుచు లేచుచు నుండును. ఇనుప తీగను మాటిమాటికి వంచినచో వేడెక్కునట్లు అదియు లోలోన వేడెక్కును. వేగముగా పోవునప్పుడు ఆ వేడికి పొరలు వీడి ఒక్కసారిగా పగులును. అయిదాఱు డిగ్రీల వేడికి ఒక పౌను చొప్పున ఒత్తిడి పెరుగుట నిజమే. ఆ పెరుగుదలను లెక్క వేసియే కారు చేసినవారు అంకె నిర్ణయించి, తలుపు ప్రక్క చీటీ అంటించినారు. దానిని ఉదయమున బండి కదలకముందు, టైరు చల్లగా నున్నప్పుడు చూడవలెను. ఎండలో తిరిగివచ్చిన బండి గాలిని తీయరాదు. ఇక నత్రజని గాలి యని వేఱుగా సొమ్ము అడుగుదురు. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు అదియే గదా! మేము మామూలు గాలియే పట్టించుచున్నాము.

క్రొత్త టైరులు మొదట కొన్ని వందల కిలోమీటర్లు జారుడుగా నుండును. అచ్చు నుండి సులువుగా వెలువడుటకు పూసిన పదార్థము అఱిగిపోవలెను. ఆ సంగతి నేను చెప్పగా తమ్ముడు బుద్ధిమంతుడై నెమ్మదిగా నడపినాడు. జ్యేష్ఠమున తొలకరి పడిన సాయంకాలము, వాడు ఒంటరిగా వెళ్లి యూసుఫ్‌గూడ పల్లములోనే బ్రేకు వేసి చూచి వచ్చినాడు. బండి గీత గీసినట్లు నిలిచినదట. అమ్మ విని ఊరకున్నది. మఱుసటి శుక్రవారము పొద్దుననే తలంటుకొని, పసుపు కుంకుమల పళ్లెము చేతబట్టి, "గుడికి ఎన్ని గంటలకు బయల్దేరుదామురా?" అని అడిగినది. వాడు అప్పటికే చక్రముల యొద్ద కూర్చుండి గాలి కొలుచుచుండెను.