ఏరడం వేరు, తీర్పు తీర్చడం వేరు



తీర్పు తీర్చవద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాట మన సంఘాలలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. అయితే ఆ మాటను మనం ఎక్కడెక్కడ వాడుతున్నామో ఒకసారి ఆలోచించండి. ఆడపిల్ల తండ్రి పెండ్లికుమారుని గురించి నాలుగిళ్లలో వాకబు చేస్తే, "తీర్పు తీర్చకూడదని అయ్యగారు చెప్పలేదా?" అని మధ్యవర్తి నోరు మూయిస్తాడు. కానుకల లెక్క చదివి వినిపించమని ఒక యౌవనస్థుడు అడిగితే అతనికీ అదే వాక్యం. అదే సాయంకాలం కుళాయి దగ్గర, భర్త విడిచిపెట్టిన ఒక సహోదరి నడవడి మీద నలుగురూ ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేస్తారు. అక్కడ మాత్రం ఆ వాక్యం ఎవరికీ గుర్తు రాదు! అడగవలసిన చోట నోరు మూస్తున్నాం, మూయవలసిన చోట తెరుస్తున్నాం.

దీనికి కొంత కారణం మన మనస్సు. కొంత కారణం మాట. వేరువేరు పనులను ఒకే మాట కింద కట్టివేయడం వల్ల ఈ చిక్కు వస్తోంది.

ఇంగ్లీషు చదువుకుంటున్న మన పిల్లలు జడ్జ్, డిసైడ్, డిటర్మిన్, డిసర్న్ అనే మాటలను అటూ ఇటూ మార్చి వాడుతుంటారు. అన్నిటికీ నిర్ణయించుట అని అర్థం రాసుకుంటారు. కాని ఈ నాలుగూ లాటిను భాషలో నాలుగు వేరు పనులలో నుండి పుట్టాయి. డిసైడ్ అంటే మొదట కోసివేయడం. రెండు దారులున్నప్పుడు ఒకదానిని తెంచుకొని రెండవదానిలో నడవడం. డిటర్మిన్ అంటే హద్దు వేయడం, మన పొలం గట్టున సర్వే రాయి పాతినట్టు. డిసర్న్ అంటే జల్లించి వేరు చేయడం. జడ్జ్ అంటే న్యాయం పలికేవాడు. జల్లించే పని ఇంట్లో ఎవరైనా చేయవచ్చు, చేయాలి కూడా. న్యాయపీఠం మీద కూర్చుండి పలికే అధికారం మాత్రం అందరిదీ కాదు.

క్రొత్త నిబంధన రాయబడిన గ్రీకు భాషలో ఈ పనులలో చాలావాటికి క్రీనో అనే ఒకే క్రియ ఉంది. దాని తొలి అర్థం కూడా వేరుచేయుట, ఏరుట. అందులో నుండే ఎంచుకొనుట, నిశ్చయించుకొనుట, తీర్పు తీర్చుట అనే అర్థాలు వచ్చాయి. కాబట్టి అనువాదం చేసేవారు ప్రతి చోటా ఏ అర్థమో చూసి మాట ఎన్నుకోవాలి. మన పక్కనున్న విశాఖపట్నానికి 1805లో వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఈ అనువాద పనికి పూనుకొన్నారు. వారిద్దరూ మరణించిన తరువాత, 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూరులో తెలుగున అచ్చయ్యాయి. అటు తరువాత ఎందరో పండితులు దిద్దగా మన చేతికి వచ్చిన తెలుగు బైబిలులో ఈ జాగ్రత్త కనబడుతుంది.

రోమా పత్రిక 14వ అధ్యాయం 13వ వచనం తెరవండి. ఆ ఒక్క వచనంలోనే పౌలు క్రీనో అనే క్రియను రెండుసార్లు వాడాడు. పాత ఇంగ్లీషు బైబిలు రెండు చోట్లా జడ్జ్ అనే రాసింది. తరువాతి ఇంగ్లీషు అనువాదాలు కొన్ని రెండవ చోట డిసైడ్ అని మార్చాయి. మన తెలుగు బైబిలు మొదటి చోట తీర్పు తీర్చుట అనీ, రెండవ చోట నిశ్చయించుకొనుట అనీ వేరు చేసింది. అంటే పొరుగువాని మీద తీర్పు మానుకోవాలి, వానికి అడ్డు రాకూడదని నాలో నేను నిశ్చయించుకోవాలి. మొదటి కొరింథీ 11వ అధ్యాయం 31వ వచనంలో కూడా అలాగే, మనలను మనం చేసుకోవలసిన దానికి విమర్శ అనీ, దేవుడు చేసేదానికి తీర్పు అనీ రెండు మాటలున్నాయి.

తెలుగులో తీర్పు అనే మాట కూడా చూడండి. అప్పు తీరింది, ఆకలి తీరింది, తగవు తీరింది అంటాం. తీరడం అంటే ముగియడం. తీర్పు వచ్చిందంటే ఇక ఆ విషయం ముగిసినట్టే. అందుకే అది భయంకరమైన మాట. ఒక మనిషిని గురించి, "వాడింతే, వాడి సంగతి ముగిసింది" అని మనం అన్నప్పుడు, దేవుడు ఇంకా ముగించని గ్రంథాన్ని మనం మూసివేస్తున్నాం. ప్రభువు వద్దన్నది దీనిని. చూడవద్దనీ, అడగవద్దనీ ఆయన చెప్పలేదు. అదే ఏడవ అధ్యాయంలో, గొఱ్ఱె చర్మం కప్పుకొని వచ్చేవారిని ఫలాలను బట్టి తెలుసుకోమన్నాడు. మన కంటిలో దూలం తీసుకొన్న తరువాత సహోదరుని కంటిలో నలుసు తీయవచ్చుననీ చెప్పాడు. నలుసు ఉన్నదని చూడనివాడు దానిని ఎలా తీస్తాడు?

అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఎరుగనివారు మనలో తక్కువ. అక్కడ దిమ్మను చూడగానే రంగును బట్టి ధర పలుకుతుంది. పచ్చగా మెరిసే దిమ్మకు ఎక్కువ, నల్లనిదానికి తక్కువ. ఆ మెరుపు కోసమే కొందరు పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. దాని వలన బెల్లంలో గంధక సంబంధమైన పదార్థం మిగులుతుంది. అది పది లక్షల పాళ్లలో 70 పాళ్లకు మించకూడదని ఆహార నిబంధన. మందు వేయని మంచి బెల్లం చాలాసార్లు ముదురు రంగులోనే ఉంటుంది. రంగు చూసి ధర కట్టేవాడు దిమ్మను చూశాడే గాని పరీక్షించలేదు. యోహాను సువార్త 7వ అధ్యాయం 24వ వచనంలో ప్రభువు పై రూపాన్ని బట్టి తీర్పు వద్దన్నాడు, న్యాయమైన తీర్పు కావాలన్నాడు. పెండ్లికుమారుని ప్యాంటు చొక్కా, మోటారు సైకిలు చూసి పిల్లనిచ్చేవారికీ, చీర రంగు చూసి విధవరాలి మీద మాట వేసేవారికీ ఈ వచనం ఒక్కటే.

కోర్టు మెట్లెక్కినవారికి మరో సంగతి తెలుసు. అక్కడ జడ్జిమెంటు, డిక్రీ, ఆర్డరు అని వేరువేరు కాగితాలుంటాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ వీటిని వేరువేరుగా నిర్వచించింది. ఎందుకు అలా తేల్చారో ఆ కారణాలు చెప్పేది జడ్జిమెంటు. ఎవరి హక్కు ఏమిటో తేల్చి చెప్పేది డిక్రీ. కారణం చెప్పకుండా తేల్చడానికి జడ్జిగారికే వీలు లేదు! హత్య కేసులో నేరం రుజువైన తరువాత కూడా, శిక్ష ఎంత అనే విషయంలో ముద్దాయి మాట మళ్లీ వినాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ నియమం పెట్టింది. 2024 జూలై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన కొత్త సంహిత కూడా దీనిని నిలిపింది. ఒకని మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీర్చునా అని పరిసయ్యుల మధ్య అడిగిన నీకొదేమును జ్ఞాపకం చేసుకోండి. కుళాయి దగ్గర కూడిన న్యాయస్థానంలో ఆ సహోదరి మాట విన్నవారెవరు?

లోక్ అదాలత్ దారి మరొకటి. అక్కడ ఇరుపక్షాలు రాజీ పడితేనే అవార్డు రాస్తారు. 1987 నాటి చట్టం ప్రకారం అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఓడినవాడు లేకుండా తగవు తీరుతుంది. సహోదరుల మధ్య వ్యాజ్యెం తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని పౌలు కొరింథీయులను అడిగింది ఇటువంటి తీర్పును గురించే. గట్టు తగాదాలతో తరాలు గడుపుతున్న మన కుటుంబాలకు అట్టి పెద్దలు కావాలి.

కాబట్టి ప్రియులారా, ఈ పనులను వరుసగా పెట్టుకొందాం. మొదటిది పరీక్ష: అడగడం, వినడం, లెక్క చూడడం. రెండవది వివేచన: చాటలో బియ్యం చెరిగి రాళ్లు ఏరినట్టు నిజాన్ని వదంతి నుండి వేరు చేయడం. మూడవది నిర్ణయం: ఈ సంబంధం మనకు వద్దు, ఈ డబ్బు పెట్టె తాళం ఇద్దరి దగ్గర ఉండాలి అని తేల్చుకోవడం. ఈ మూడూ మన బాధ్యత. సంఘంలో బాహాటంగా పాపం జరిగితే, సాక్షులను విని దిద్దడం పెద్దల బాధ్యత. కాని ఒక ఆత్మను గురించి ఆఖరి మాట చెప్పడం మాత్రం మన పని కాదు. ఆ పీఠం ఒక్కరిదే.

సంబంధం వద్దనుకొన్న తండ్రి, "మా పిల్లకు కుదరదండి" అని చెప్పి ఊరుకోవచ్చు. ఆ కుర్రవాడు పనికిమాలినవాడని ఊరంతా చాటనక్కరలేదు. మొదటిది నిర్ణయం, రెండవది తీర్పు. లెక్క అడిగిన యౌవనస్థుడు దొంగ అని ఎవరినీ అనలేదు, పుస్తకం మాత్రమే అడిగాడు. లెక్క సరిగా ఉంటే దాచవలసినది ఏముంది?

సొలొమోను రాజైనప్పుడు దేవుని అడిగింది ఐశ్వర్యం కాదు, శత్రువుల ప్రాణం కాదు. మంచి చెడ్డలు వివేచించగల హృదయం అడిగాడు. న్యాయం తీర్చవలసిన రాజే ముందుగా వివేచన అడిగితే, మనకు అది ఇంకెంత అవసరం! ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ పిల్లలతో కలిసి మనమూ అదే అడుగుదాం. రేపు మరొకరి పేరు మన నోటికి వచ్చినప్పుడు, మనం ఏరుతున్నామా, తీర్పు తీరుస్తున్నామా అని ఒక్క క్షణం ఆగుదాం. ప్రభువు మనకందరికీ వివేకముగల హృదయం దయచేయును గాక.