నీళ్ళలో చేప

నీటిరంగులతో చేపను ఎలా వేస్తావని మిత్రులు కొందరు అడుగుతుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట్లో నేనూ ఇది చాలా తేలిక అనుకునేవాణ్ణి. బజారునుంచి ఒక కొర్రమీనును తెచ్చి, పళ్ళెంలో పెట్టుకుని, పొలుసులు లెక్కపెట్టినట్లు ఒక్కొక్కటే వేశాను. చుట్టూ నీలిరంగు పులిమాను. మా గది మిత్రుడు చూసి, "బాగుందిరా, పులుసు పెట్టుకోవచ్చు" అన్నాడు. కోపం వచ్చింది గాని, వాడన్నది నిజమే. నేను వేసింది చచ్చిన చేపను.

ఆ తరువాత చెరువుగట్టున కూర్చుని చూడడం మొదలుపెట్టాను. గాలి పీల్చుకోవడానికి కొర్రమీను పైకి రావలసిందే గనుక ఓపికపడితే కనబడుతుంది. కనబడేదెంత? నల్లని వీపు, ఒక మెలిక, అంతే! తెల్లని పొట్ట గట్టుమీదివాడికి కనిపించదు. తోక ఎక్కడ ముగిసిందో, నీరు ఎక్కడ మొదలయిందో చెప్పలేం. పైగా నీరు వెలుతురును వంచుతుంది. నిట్టనిలువుగా చూస్తే 4 అడుగుల లోతున ఉన్న చేప 3 అడుగుల్లోనే ఉన్నట్లు తోస్తుంది. అల కదిలితే దాని ఒళ్ళు ముక్కలయినట్లుంటుంది. ఇక అంచులు గీయడానికి ఏముంది?

కాగితం కాస్త మందంగా ఉండాలి. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేదయితే తడికి అంతగా ముడతపడదు. దాన్ని చెక్క బోర్డుకు అంటించి, శుభ్రమైన నీటితో తడపాలి. అసలు కిటుకంతా ఈ తడి దగ్గరే ఉంది. కాగితం అద్దంలా తళతళలాడుతున్నప్పుడు రంగు పెడితే ఎటు పడితే అటు పారిపోతుంది. ఆ మెరుపు అణిగి, వేలి వెనుకవైపుతో తాకితే చల్లగా తగిలే వేళ ఒకటుంది. మన వేసవిలో అది ఇట్టే దాటిపోతుంది. నేను తెల్లవారుజామునే కూర్చుంటాను. అప్పుడు అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపిన చిక్కని బూడిదరంగును కుంచెనిండా తీసుకుని, తల దగ్గర ఒత్తి, తోకవైపు తేల్చుకుంటూ ఒక్క ఊపులో లాగాలి. రంగు తనంతట తానే పాకి అంచును చెరిపేస్తుంది. ఆ చెరిగిన చోటే నీరు. పూర్తిగా ఆరాక తల దగ్గర ఒక గట్టి గీత, కంటికి ఒక చుక్క చాలు. సగం ఆరినదాని మీద మనసాగక మళ్ళీ తడికుంచె పెట్టామా, కాలీఫ్లవర్ పువ్వులా మరక విచ్చుకుంటుంది. నా కాగితాలు సగం అలా పోయినవే.

నీటిమీది మెరుపుకు తెల్లరంగు పూయకండి, సున్నం కొట్టినట్లుంటుంది. కాగితాన్నే వదిలెయ్యాలి. ఆ మాటకొస్తే నీటిని బొత్తిగా వేయకపోయినా నష్టం లేదు. చైనా చిత్రకారుడు చీ బైషి (1864–1957) రొయ్యలు చూడండి. పల్చని సిరాతో ఒళ్ళు, చిక్కని సిరాతో కన్ను, చుట్టూ ఖాళీ కాగితం. అయినా అవి ఈదుతుంటాయి! ఆయన రొయ్యలను ఇంట్లో పెంచుకుని మరీ చూసేవాడట.

మొన్న వేసినదాన్ని మా మిత్రుడికి చూపించాను. "ఇందులో చేప ఏదిరా?" అన్నాడు. నిజమే, తడి ఎక్కువై తలకూడా కరిగిపోయింది. ఇంకో కాగితం తడపాలి.