కారు పెడలు రబ్బర్లు

క్రొత్తకారునకు పసుపుకుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి పూజింతుము. కాని కాలి క్రింది పెడళ్లను వంగి చూచువారరుదు. బ్రేకు, క్లచ్చి పెడళ్లకు తొడిగిన రబ్బరుపై గల చాళ్లే పాదమును జారనీయక నిలుపును. వానకాలమున దివిసీమ పొలములలో దిగి, ఆ రేగడిబురద కాళ్లతోనే అవనిగడ్డనుండి బందరునకు బయలుదేరుదుము. అరిగిన రబ్బరుపై తడికాలు జారినచో, ప్రక్కన కాలువ, వెనుక సీటున బిడ్డలు. ఆ క్షణమున నేమి చేయగలము?

కావున సోదరీమణులు నెలకొకమారు ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, దీపము పట్టి చూడవలయును. చాళ్లు నునుపెక్కినను, అంచు చిరిగినను, లోని ఇనుము కనబడినను మార్చుట యవశ్యము.

ఆ కారు రకమునకు తగిన రబ్బరునే బందరులోనో గుడివాడలోనో అడిగి తెచ్చుకొనుడు. పాతదానిని ఒక మూలనుండి ఒలిచి, ఇనుమునకంటిన త్రుప్పును, మట్టిని తుడువుడు. క్రొత్తది గోరువెచ్చని నీట నుంచిన మెత్తబడును; తడి తుడిచి తొడుగుడు. నూనె మాత్రము రాయరాదు. అంచు నలుప్రక్కల పట్టినదో లేదో వ్రేలితో తడవి, గట్టిగా గుంజినను కదలనిచో పని ముగిసినట్లే.

పాతబండి కొనువారికొక మాట: మీటరు తక్కువ దూరము చూపుచు, రబ్బర్లు మిక్కిలి అరిగియున్నచో విచారించి మరి కొనుడు.