వైరస్ లేకుండానే వైరస్ దారి కనిపెట్టడం ఎలా?



ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "టీచర్, కరోనా మీద పరిశోధన చేసేవాళ్లకు కరోనా అంటుకోదా?" మంచి ప్రశ్న. దీని జవాబు తెలిస్తే టీకాల గురించి మన ఇళ్లలో ఉండే కొన్ని భయాలు కూడా తగ్గుతాయి. అందుకే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

వైరస్ మన కణంలోకి ఊరికే దూరలేదు. దానికి ఒక తలుపు కావాలి. మన కణాల పైన ఏసీఈ2 అనే ప్రోటీన్ ఉంటుంది. రక్తపోటును అదుపులో ఉంచడానికి సాయపడటం దాని అసలు పని. కరోనా వైరస్ తన ఒంటి మీది ముల్లు లాంటి స్పైక్ ప్రోటీన్‌తో దీన్నే పట్టుకుని లోపలికి వెళ్తుంది. ఏసీఈ2 మన తాళం అనుకుంటే, స్పైక్ దొంగ తాళంచెవి. ఇలా వైరస్ పట్టుకునే ప్రోటీన్‌ను రిసెప్టర్ అంటారు.

బతికున్న వైరస్‌తో పని చేయాలంటే చాలా కట్టుదిట్టమైన ల్యాబ్ ఉండాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో అలాంటిది ఉంది. కానీ తాళాన్ని పరీక్షించడానికి దొంగనే ఇంటికి పిలవనక్కర్లేదు కదా! తాళాన్నీ, చెవినీ విడివిడిగా తయారు చేసుకుంటే చాలు. ఏసీఈ2 తయారీకి కావలసిన జన్యువును ల్యాబ్‌లో పెంచే కణాల్లో పెడతారు. ఆ కణాలు ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. దాన్ని వేరు చేసి శుభ్రపరుస్తారు. దీన్నే రీకాంబినెంట్ ప్రోటీన్ అంటారు. షుగర్ ఉన్న మన పెద్దవాళ్లు వాడే ఇన్సులిన్ కూడా ఈ పద్ధతిలోనే తయారవుతుంది.

అయితే కంటికి కనిపించని ఈ ప్రోటీన్ ఎక్కడ అతుక్కుందో తెలిసేదెలా? దానికి ఒక గుర్తు తగిలిస్తారు. మనం హైదరాబాద్ వెళ్తే పంతంగి దగ్గర, సూర్యాపేట వెళ్తే కొర్లపహాడ్ దగ్గర టోల్‌గేటు కారు ఫాస్టాగ్‌ను చదువుతుంది. ఇక్కడ ఫాస్టాగ్ పని చేసేది బయోటిన్. ఇది పల్లీల్లో, గుడ్డులో ఉండే ఒక బి విటమిన్. దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే మరో ప్రోటీన్ టోల్‌గేటు రీడర్ లాంటిది. ఫాస్టాగ్‌ను డ్రైవర్ చూపుకు అడ్డంగా అతికించం కదా. అలాగే బయోటిన్ కూడా వైరస్ పట్టుకునే చోటుకు అడ్డం రాకూడదు. వస్తే పరీక్ష తప్పుతుంది.

పరీక్ష ఇలా జరుగుతుంది. 96 చిన్న గుంతలున్న ప్లేటులో స్పైక్ ముక్కను అతికిస్తారు. దాని మీద ఒకరి రక్తం నుంచి తీసిన సీరం వేస్తారు. తర్వాత గుర్తు తగిలించిన ఏసీఈ2 వేసి కడుగుతారు. చివరగా రంగు పుట్టించే ఎంజైమ్‌ను మోసే స్ట్రెప్టావిడిన్, ఆ తర్వాత రంగు ద్రావణం వేస్తారు. సీరంలోని యాంటీబాడీలు స్పైక్‌ను ముందే కప్పేసి ఉంటే ఏసీఈ2 అతకదు, కడిగినప్పుడు పోతుంది. అంటే రంగు ఎంత తక్కువైతే అడ్డుకునే శక్తి అంత ఎక్కువ.

ప్లేటు మన శరీరం కాదు. వైరస్ లోపలికి రావడానికి వేరే ప్రోటీన్ల సాయం కూడా తీసుకుంటుంది. అందుకే ఈ పరీక్ష తర్వాత కణాల మీద, జంతువుల మీద, చివరికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల మీద కూడా పరీక్షించాకే టీకా బయటికి వస్తుంది.

2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన కార్బెవాక్స్ గుర్తుందా? అమెరికాలోని టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ కాలేజీ పరిశోధకులతో కలిసి హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ సంస్థ దాన్ని తెచ్చింది. "పిల్లల ఒంట్లోకి వైరస్ ఎక్కిస్తున్నారా?" అని అప్పుడు చాలామంది భయపడ్డారు. అందులో వైరస్ లేదు. వైరస్‌కు సంబంధించి ఉన్నది ఈస్ట్ కణాల్లో తయారైన స్పైక్ ముక్క మాత్రమే. అంటే దొంగ కాదు, దొంగ తాళంచెవి నమూనా. దాన్ని చూసి శరీరం యాంటీబాడీలను సిద్ధం చేసుకుంటుంది. ప్రోటీన్ ముక్క మన జన్యువులను మార్చలేదు.

ఈసారి టీకా గురించి వాట్సాప్‌లో ఏదైనా వస్తే ఫార్వర్డ్ చేసే ముందు "ఇందులో ఉన్నది వైరసా, వైరస్ ముక్కా?" అని మీ పిల్లలతో కలిసి ఒక్క నిమిషం ఆలోచించండి. అనుమానం తీరకపోతే డాక్టరును అడగండి. రాత్రి భోజనాల దగ్గర ఈ తాళం, చెవి కథను మీ పిల్లలతోనే చెప్పించండి. మీకు చెప్పగలిగారంటే పాఠం వాళ్లకు వచ్చినట్టే.