మిఠాయి రంగుతో మేడమీద సైన్సు

మా అమ్మాయి కేకులు చేసి అమ్ముతుంది. కూకట్‌పల్లిలో వాళ్ళ వంటింట్లో ఒక అర మొత్తం రంగులకే పోయింది. చిన్న చిన్న సీసాల్లో జెల్ రంగులు, పొడి డబ్బాలు, చాక్లెట్‌కి వేరేగా నూనె రంగులు. నేనేమో పశ్చిమ గోదావరి జిల్లా పరిషత్ స్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఆదివారం పొద్దున అపార్ట్‌మెంటు పిల్లలు మేడమీద చేరతారు, నా చేతిలో ఆ అరలోంచి ఏదో ఒక సీసా ఉంటుంది. “అమ్మా, ఆ నీలం ముట్టుకోకు, ఖరీదైంది” అని కిందనించి కేక వినపడుతుంది. అందుకని ఇప్పుడు కిరాణాకొట్లో దొరికే చవక ప్యాకెట్లు నేనే కొనుక్కుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రంగులకి అసలు చోటు గాజుగ్లాసు. కేకులో వాటికున్న పని చాలా కొంచెం.

గ్లాసు సంగతి చూద్దాం. రెండు గ్లాసులు, ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్ళు, ఇంకోదాంట్లో స్నానానికి తోడుకునేపాటి వేణ్ణీళ్ళు. రెంటినీ కదపకుండా కాసేపు ఉంచి, ఒక్కో చుక్క ఎర్రరంగు వదలాలి. చెంచా పెట్టి తిప్పకూడదు. పిల్లలకి కష్టమల్లా అదే. వేణ్ణీళ్ళలో రంగు చూస్తుండగానే అంతటా పాకుతుంది. చన్నీళ్ళలో తీగలు తీగలుగా అడుక్కి దిగి అక్కడే చాలాసేపు ఉండిపోతుంది. నీటి అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయనీ, వేడిలో ఇంకా జోరుగా కదులుతాయనీ తొమ్మిదో తరగతి పుస్తకం వ్యాపనం దగ్గర చెబుతుంది. నిజానికి గ్లాసులో మన కంటికి కనిపించేదంతా వ్యాపనమే కాదు. రంగు చుక్క నీళ్ళకంటే కాస్త బరువు కాబట్టి కిందికి జారుతుంది, వేడికి నీళ్ళలో ప్రవాహాలు కూడా పుడతాయి. ఒట్టి వ్యాపనం మీదే వదిలేస్తే రంగు గ్లాసంతా పాకడానికి చాలా కాలం పడుతుంది. పెద్దపిల్లలైతే ఈ తేడా అడుగుతారు, అడిగితే దాటవేయకండి.

పాలపళ్ళెం ప్రయోగం అందరికీ తెలిసిందే. పళ్ళెంలో పలుచగా పాలు పోసి, నాలుగు రంగులు చుక్కలు చుక్కలుగా వేసి, మధ్యలో గిన్నెలు తోమే సబ్బునీళ్ళలో ముంచిన దూదిపుల్ల ఆనిస్తే రంగులు అంచులకి పరుగెత్తుతాయి. సబ్బు పాల తలతన్యతని తగ్గిస్తుంది, కొవ్వుని పట్టుకోవడానికి పోతుంది. అందుకే వెన్న తీసిన పాలకంటే చిక్కటి పాలలో ఆట బావుంటుంది. చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ, పాలు పారబోయడానికి నాకు చెయ్యి రాదు. ఒకసారి చూపించి ఊరుకుంటాను.

నాకు ఇష్టమైనది చామంతి. తెల్ల చామంతి కాడని ఏటవాలుగా కోసి, ముదురు నీలం నీళ్ళలో నిలబెడితే సాయంత్రానికల్లా రేకుల అంచులు నీలం తిరుగుతాయి. కాడని నిలువునా చీల్చి ఒక సగం ఎరుపులో, ఒక సగం నీలంలో పెట్టినా పువ్వు కిమ్మనదు, అటు అదీ ఇటు ఇదీ లాక్కుంటుంది. రేకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే, ఆ లోటు తీర్చడానికి కాడలోని దారునాళాల్లో నీటి తీగ పైకి సాగుతుంది. దానితోపాటే రంగూ ఎక్కుతుంది. నీరు ఆవిరైపోతుంది, రంగు ఆవిరి కాలేదు కాబట్టి అంచుల్లో పేరుకుంటుంది. వరంగల్ నుంచి వచ్చిన కుటుంబంలోని పాప ఇది చూసి, “మా బతుకమ్మ గునుగు పూలు కూడా ఇట్లనే తాగుతయా అమ్మమ్మా?” అని అడిగింది. తాగవు. గునుగుని రంగులో ముంచి తీస్తారు, రంగు పైపైనే ఉంటుంది. చామంతిది లోపలినుంచి వచ్చిన రంగు. తేడా తెలియాలంటే రెంటి కాడలూ అడ్డంగా కోసి చూడమన్నాను. చామంతి కాడలో చిన్న చిన్న నీలం చుక్కలు కనిపించాయి.

ఐస్ ట్రేలో రంగునీళ్ళు పోసి గడ్డకట్టించి చూశారా? అంచులు తెల్లగా, రంగంతా గడ్డ నడుమ ఇరుక్కుని కనిపిస్తుంది. నీరు గడ్డకడుతూ తనలో కలిసినదాన్ని ముందుకి తోసేస్తుంది, చివరికి మిగిలిన కాస్త నీళ్ళలోకి రంగంతా చేరుతుంది.

ఇక అసలు విషయం. కిరాణాకొట్లో ఆకుపచ్చ రంగు ప్యాకెట్టు కొంటే అందులో ఆకుపచ్చ ఉంటుందా? ఒక తెల్ల సుద్దముక్క తీసుకోండి. అడుగునుంచి వేలెడు ఎత్తులో ఆకుపచ్చ చుక్క పెట్టి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళలో చుక్క మునగకుండా నిలబెట్టండి. నీళ్ళు సుద్దలోని సన్నని సందుల వెంట పైకి పాకుతూ రంగుని మోసుకుపోతాయి. మా ప్యాకెట్టులోని ఆకుపచ్చ అలా పోతూ పోతూ నీలం ఒకచోట, పసుపు ఒకచోట విడిపోయింది. చాలా ప్యాకెట్ల కథ అంతే. టార్ట్రజీన్ అనే పసుపు, బ్రిలియంట్ బ్లూ అనే నీలం కలిపితే వచ్చిన పచ్చ అది. ఒక్కో రంగు సుద్దని ఒక్కో గట్టితనంతో పట్టుకుంటుంది, నీళ్ళతో ఒక్కో వేగంతో పోతుంది. దీన్నే క్రొమటోగ్రఫీ అంటారు. మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త 1903లో వార్సాలో ఈ పద్ధతి గురించి మొదట ప్రసంగించాడు. ఆయనా గాజుగొట్టంలో సుద్దపొడి లాంటి కాల్షియం కార్బొనేట్ కూరి, ఆకుల్లోని పచ్చదనాన్ని రంగు రంగు పట్టీలుగా విడదీశాడు. బడిపంతుళ్ళ చేతిలో రోజూ అరిగిపోయే సుద్ద ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ కాస్త గర్వంగానే ఉంటుంది.

ఇంకోటి, పొయ్యి దగ్గర చేసేది, పెద్దవాళ్ళే చెయ్యాలి. ఎర్రరంగు నీళ్ళలో చెంచాడు వెనిగర్ పోసి వేడి చేసి, పాత పట్టుచీరలోంచి లాగిన తెల్లదారం ఒకటి, నూలుదారం ఒకటి వెయ్యండి. తీసి కడిగితే నూలు దాదాపు తెల్లబడుతుంది, పట్టు ఎర్రగానే ఉండిపోతుంది. ఉన్నితోనూ ఇంతే. కాకపోతే బజారులో ఉన్ని అని అమ్మేది చాలామటుకు అక్రిలిక్, దానికి ఈ రంగు ఎక్కదు. పట్టు, ఉన్ని, మన చర్మం, గోళ్ళు అన్నీ ప్రోటీన్లే. పులుపు తగిలితే ప్రోటీను ఈ రంగుల్ని గట్టిగా పట్టుకుంటుంది. రంగు మిఠాయి పట్టుకున్న వేళ్ళు సబ్బుతో కడిగినా ఎర్రగా ఉండటం, పాప నూలు గౌను మీద పడ్డ రంగు ఉతికితే పోయి పట్టుపరికిణీ మీదది పోకపోవడం, అన్నింటికీ కారణం ఇదే.

ఆహార పరీక్ష చేసే ప్రయోగశాలలు మిఠాయిలో ఏ రంగు వేశారో పట్టుకునేదీ ఈ దారితోనే. మిఠాయి కరిగించిన నీళ్ళని కాస్త పులుపు చేసి తెల్ల ఉన్నిదారంతో మరిగిస్తారు. రంగు దారానికి ఎక్కుతుంది. ఆ దారాన్ని పలుచటి అమ్మోనియాలో వేస్తే రంగు మళ్ళీ దిగుతుంది. దాన్ని కాగితం మీద చుక్కపెట్టి, తెలిసిన రంగుల పక్కన పాకించి పోలుస్తారు. మా మేడమీద పిల్లలు సుద్దముక్కతో, పట్టుదారంతో చేసింది వేరే ఏమీ కాదు.

అలా పోల్చడం ఎందుకంటే, మన దేశంలో తినేవాటికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. ఎరుపులో పాన్సో 4ఆర్, కార్మొయిసిన్, ఎరిత్రొసిన్; పసుపులో టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో; నీలంలో బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మిన్; ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. అవి కూడా స్వీట్లు, కేకులు, బిస్కట్లు, ఐస్‌క్రీములు వంటి కొన్నింటిలోనే, చాలావాటిలో కిలోకి 100 మిల్లీగ్రాములు మించకుండా. అంటే కిలో తినుబండారానికి గ్రాములో పదోవంతు. బిర్యానీకీ, చికెన్ ఫ్రైకీ ఆ జాబితాలో చోటు లేదు. రోడమిన్ బి అనే రంగైతే అసలు తిండిరంగే కాదు, బట్టలకీ కాగితానికీ వేసేది. పీచుమిఠాయిలో అది బయటపడినందుకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్నే నిషేధించింది.

అనుమతి ఉన్నవాటి మీదా వాదన ఆగలేదు. బ్రిటన్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చాక, 2010 నుంచి యూరప్‌లో ఆరు రంగులున్న తినుబండారాల మీద ‘పిల్లల ప్రవర్తన, ఏకాగ్రతలపై ప్రభావం ఉండవచ్చు’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక రాయాల్సి వస్తోంది. టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, కార్మొయిసిన్, పాన్సో 4ఆర్ ఆ ఆరింటిలోవే. అమెరికా 2025 జనవరిలో ఎరిత్రొసిన్‌కి తిండిలో అనుమతి తీసేసింది. పుట్టినరోజునాడు ఒక కేకుముక్క తిన్న పిల్లకి ఏమో అయిపోతుందని నేను అనను. రోజూ రంగు తినే అలవాటు మాత్రం నాకు నచ్చదు.

కేకు విషయంలో మా అమ్మాయి నాకు నేర్పింది కొంత ఉంది. కరిగిన చాక్లెట్‌లో నీటిరంగు ఒక్క చుక్క పడితే చాలు, చక్కెర, కోకో పొడి ఆ తేమని పట్టుకుని ముద్దకట్టి ఇసుకలా అయిపోతుంది, అందుకే దానికి నూనె రంగు. క్రీముకి జెల్ వాడితే నీళ్ళు తక్కువ, క్రీము జారదు. వెన్నా గుడ్డుసొనా పసుపు కాబట్టి వాటిలో నీలం వేస్తే నీలం రాదు, పచ్చ వస్తుంది. క్రీములో రంగు గంటలు గడిచేకొద్దీ ముదురుతుంది, కాబట్టి రాత్రి లేతగా కలిపి వదిలేస్తే పొద్దుటికి సరిపోతుంది. బాగా ఎరుపు, నలుపు కావాలని కుమ్మరిస్తే క్రీము చేదెక్కుతుంది.

మన ఇళ్ళల్లో రంగులకి కరువా? హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు ఎలా వస్తాయి? పసుపు నీళ్ళలో సున్నం కలిపితే. పారాణీ అదే. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. కేకులో పసుపు వేసి, సోడా ఎక్కువైతే అక్కడక్కడ ఎర్రమచ్చలు పడేది కూడా అందుకే. శంఖుపూలు వేణ్ణీళ్ళలో వేస్తే నీలం, నిమ్మకాయ పిండితే ఊదా. బీట్‌రూట్ రసం వేడికీ సోడాకీ గోధుమరంగుకి దిగుతుంది, కేకు పిండిలో కాస్త పెరుగు వేస్తే కొంత నిలుస్తుంది. కుంకుడు నురగ, నిమ్మరసం, వంటసోడా, పసుపు కలిపిన నీళ్ళు నాలుగు గిన్నెల్లో పెడితే పిల్లలకి ఒక పూట గడిచిపోతుంది, కొట్టుకి వెళ్ళే పనే లేదు.

జాగ్రత్తలు కొన్ని. ఆటకి కలిపిన నీళ్ళు తాగనివ్వకండి, గ్లాసులు వేరే పెట్టండి. నూనె, రంగునీళ్ళు పోసిన సీసాలో ఈనో వేసి బుడగలు చూసేటప్పుడు మూత బిగించకండి, సీసా పగులుతుంది. హోలీ రంగుల్ని వంటింటి గడప దాటనివ్వకండి. రంగు ప్యాకెట్టు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, లోపలి రంగు పేరు లేదా ఐఎన్ఎస్ నంబరు (టార్ట్రజీన్‌కి 102, బ్రిలియంట్ బ్లూకి 133) ఉండాలి. లేకపోతే ఆ ప్యాకెట్టు కొట్లోనే వదిలెయ్యండి. కేకుకి ఆర్డరిచ్చేటప్పుడు “రంగు లేతగా వెయ్యండి” అని ఒక మాట చెప్పండి. మా అమ్మాయి దగ్గర అలా అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, ఆ అరలో సీసాలు తగ్గాయి.